బొమ్మ సైనికుడి యూనిఫాం మీద చదరాలు అలుక్కుపోతున్నాయి, సాయం చేయండి

12 అంగుళాల సైనికుడి బొమ్మకి మన ఆర్మీ కొత్త పోరాట దుస్తులు కుడుతున్నాను. 2022 జనవరి 15న ఆర్మీ డే కవాతులో తొలిసారి చూపించిన, నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) సాయంతో రూపొందించిన డిజిటల్ డిజైన్. పాత యూనిఫాంలో వంపులు తిరిగిన మచ్చలుండేవి, ఇందులో అన్నీ చిన్న చదరాలే. ఆ చదరాల అంచులే నాకు కుదరడం లేదు. ఆర్మీ వాడే అసలైన గుడ్డనే తెచ్చి వాడలేను. డిజైన్ హక్కులు ఆర్మీవి, పైగా బొమ్మకి ఆ చదరాలు మరీ పెద్దవి. నాకు కావాల్సింది 1 మి.మీ. చదరం.

కోఠీలో తెల్ల పాప్లిన్ కొని, ఉతికి గంజి వదిలించి, ఇస్త్రీ చేశాను. స్టెన్సిల్ పెట్టి ఫ్యాబ్రిక్ పెయింట్‌ని స్పాంజితో అద్దాను. మొదటి రంగు బాగానే వచ్చింది. ఆరు గంటలు ఆరనిచ్చి రెండోది వేస్తే పోగుల వెంట పాకింది. నీళ్లు కలపకుండా వేసినా అంతే. ప్రింటర్‌లో అచ్చువేసి ఇస్త్రీతో గుడ్డకి అంటించే ఇంక్‌జెట్ ట్రాన్స్‌ఫర్ పేపర్‌తో అంచులు చక్కగా వచ్చాయి కానీ గుడ్డ అట్టలా బిగుసుకుంది, మోచేయి రెండుసార్లు మడిచేసరికి బీటలు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు అర మీటరు గుడ్డకే ఫ్రేము చేయించాలన్నారు.

హైదరాబాద్‌లో ఇంట్లోనే చేసుకోగలిగేలా, గుడ్డ మెత్తగా ఉంటూ 1 మి.మీ. చదరాలు చెదరకుండా నాలుగు రంగులు ఎక్కించాలంటే పాప్లిన్‌కి ముందు ఏం పూయాలి?