ఓస్వాల్డ్ బస్సెక్కాడా, కారెక్కాడా? సాక్ష్యాలను తూచేదెలా?

1963 నవంబరు 22న డాలస్‌లో మధ్యాహ్నం 12:30కి అమెరికా అధ్యక్షుడు కెనడీపై కాల్పులు జరిగాక, నిందితుడు ఓస్వాల్డ్ అక్కడి నుంచి ఎలా వెళ్లాడన్న దగ్గర చిక్కుకున్నాను. ఆ హత్యపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వారెన్ కమిషన్ ప్రకారం కాసేపు బస్సు, తర్వాత టాక్సీ. డిప్యూటీ షెరిఫ్ రోజర్ క్రెయిగ్ మాత్రం, కాల్పులైన దాదాపు పావుగంట తర్వాత ఓస్వాల్డ్ పరుగెత్తుకొచ్చి స్టేషన్ వ్యాగన్ (ఒక రకం పొడవాటి కారు) ఎక్కడం చూశానన్నాడు.

బస్సులో ఓస్వాల్డ్‌ను గుర్తుపట్టిన మహిళ అంతకుముందు అతనికి గది అద్దెకిచ్చి, నచ్చక ఖాళీ చేయించిన మనిషి. ముఖం తెలియడం ఆమె సాక్ష్యానికి బలం, అయిష్టం బలహీనత. టాక్సీ డ్రైవరు చిట్టాలో ప్రయాణం 12:30కే మొదలైనట్టుంది! పావుగంటల లెక్కన రాస్తానని ఆయన వివరణ. ఇవన్నీ ఒక ఎత్తు, ఓస్వాల్డ్ చొక్కా జేబులో దొరికిన బస్సు ట్రాన్స్‌ఫర్ టికెట్ (వేరే బస్సులోకి మారేందుకు ఇచ్చేది) ఒక ఎత్తు. అందుకే నా మొగ్గు బస్సువైపే.

అలాగని క్రెయిగ్‌ను కొట్టిపారేయలేను. ఎవరో వ్యాగన్ ఎక్కడం చూశానని ఒక వాహనదారుడూ ఎఫ్‌బీఐకి చెప్పాడు. కాకపోతే క్రెయిగ్ గుర్తుపట్టింది వరుసలో నిలబెట్టిన పలువురిలోంచి కాదు, పోలీసు కార్యాలయంలో.

న్యాయవాదులెవరైనా చెప్పండి: దృశ్యం నిజం, వ్యక్తి గుర్తింపు పొరపాటు అని ఒకే సాక్ష్యాన్ని కోర్టులు విడదీసి చూస్తాయా?