అప్‌డేట్: ఇంటిపేరు తేడా ఉన్నా భార్యకు బ్రిటన్ డిపెండెంట్ వీసా వచ్చింది

పెళ్లి సర్టిఫికెట్‌లో నా భార్య ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉందని, పాస్‌పోర్టు మార్పించాలా అని రెండు నెలల క్రితం అడిగాను. మొన్న శుక్రవారం వీసా వచ్చింది. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాస్‌పోర్టు జోలికి వెళ్లవద్దన్న సలహానే మమ్మల్ని గట్టెక్కించింది. నల్లగొండలో నోటరీ దగ్గర రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించి, ఆమె పదో తరగతి మెమో జతచేశాం. ఆ మెమో మడతల దగ్గర చిరిగి, అక్షరాలు వెలిసిపోయాయి. స్కాన్‌లో ఇంటిపేరు స్పష్టంగా కనిపించేవరకు మా మామయ్య జిరాక్సు షాపు నుంచి కదలలేదు. ఆయన ఓపికకు దండం పెట్టాలి.

అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా పత్రంపై ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) ఎవరూ అడగలేదు. పాస్‌పోర్టులో భర్త పేరు లేకపోవడమూ అడ్డు కాలేదు. భార్య కోసం బ్యాంకులో చూపించాల్సిన 285 పౌండ్ల నిల్వ కూడా అవసరం పడలేదు. స్పాన్సర్‌షిప్ పత్రంలో మా కంపెనీ ఆమెకూ కలిపి మొదటి నెల ఖర్చుకు హామీ ఇచ్చింది. మీ కంపెనీని ముందే అడగండి.

అసలు భారం హెల్త్ సర్‌ఛార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యసేవల కోసం వీసాతోపాటు కట్టే రుసుము. ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్లకు 3,105. మొత్తం దరఖాస్తుతోపాటే కట్టాలి. క్షయ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందుగా చేయించకండి.

వచ్చే నెల ఆమె బ్రిటన్‌కు, నా దగ్గరికి వస్తోంది.