ది గ్రాండ్ టూర్ ఆఖరి ప్రయాణం: స్టాగ్, మోంటెకార్లో, కాప్రీ జబ్బులు అసలు ఎందుకొస్తాయి?

చక్రాలపిచ్చి

జెరెమీ క్లార్క్‌సన్, రిచర్డ్ హామండ్, జేమ్స్ మే కార్ల టీవీ షో ‘ది గ్రాండ్ టూర్’లో కలిసి చేసిన చివరి ఎపిసోడ్ ‘వన్ ఫర్ ది రోడ్’ 2024 సెప్టెంబర్ 13న వచ్చింది. అంతకుముందు వాళ్లు చేసిన బీబీసీ కార్ల షో టాప్ గేర్‌లో జేమ్స్ మే చేరింది 2003లో కాబట్టి, ముగ్గురి జట్టుకి అప్పటికి ఇరవయ్యొక్కేళ్లు. వీడ్కోలు రాతలు చాలా చదివాను. అందరూ ముగ్గురి గురించే రాశారు, కార్లని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎప్పటినుంచో కొనుక్కోవాలనుకున్న కార్లనే జింబాబ్వేకి తెచ్చుకున్నారు: మేకి ట్రయంఫ్ స్టాగ్, క్లార్క్‌సన్‌కి లాన్షియా మోంటెకార్లో, హామండ్‌కి మూడు లీటర్ల ఫోర్డ్ కాప్రీ. ఈ మూడింటికీ పాతకాలం నుంచీ చెడ్డపేరుంది. తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి: స్టాగ్ ఎందుకు మరుగుతుంది? మోంటెకార్లో బ్రేకుల గొడవేంటి? కాప్రీ ఇంజిన్‌లో దేనికి భయపడాలి? ఇంకోటి, ప్రయాణం ముగిసిన ఆ బోట్స్వానా ఉప్పునేల మీద కారు ఎలా నడపాలి? ఇవన్నీ తెలుసుకుని మళ్లీ ఒకసారి మొదటినుంచి చూద్దామనుకుంటున్నా.

వాల్వ్‌క్లియరెన్స్

స్టాగ్ సంగతి నేను చెప్తా.

1970 నుంచి 1977 దాకా తయారైంది. 2,997 సీసీ వీ8, అంటే V ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లు. సిలిండర్లుండే బ్లాక్ ఇనుముది, దాని మీద మూతల్లాంటి హెడ్లు అల్యూమినియంవి. అసలు తంటా వాటర్ పంప్ ఉన్న చోటుతోనే. మామూలు ఇంజిన్లలో పంప్ ముందువైపు, కిందగా ఉంటుంది. స్టాగ్‌లో రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో, పైకెక్కి కూర్చుంటుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కి ఓ లీటరు కూలెంట్ బయటికి పోయిందనుకోండి. ఇంజిన్ చల్లారాక నీటిమట్టం పంప్ కంటే కిందికి దిగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే పంప్ గాలిలో తిరుగుతుంటుంది, నీళ్లు కదలవు. ఈలోగా సెన్సర్ కూడా నీళ్లలోంచి బయటపడితే టెంపరేచర్ ముల్లు పైకి లేవాల్సింది పోయి కిందికి దిగుతుంది. డ్రైవర్ అంతా బాగుందనుకుంటాడు. అందుకే స్టాగ్ ఉన్నవాళ్లు గేజీని నమ్ముకోకుండా, మట్టం తగ్గితే మోగే అలారం ఒకటి పెట్టుకుంటారు. దానికి మించిన రక్షణ లేదని నా అభిప్రాయం.

రెండోది, బ్లాక్ పోత పోసినప్పటి ఇసుక లోపలే మిగిలిపోయేది. దానికి తుప్పు తోడై నీటిదారులు పూడుకుపోతాయి. బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గులు విప్పినా చుక్క రాకపోతే నీళ్లు లేవని కాదు, బురద గట్టిపడి బిగుసుకుందని. గట్టి తీగతో పొడిచి దారి చేసి, థర్మోస్టాట్ తీసేసి, నీటిపైపుతో ఎదురుదిశలో కొట్టాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపకూడదు. ఆ తర్వాత తుప్పు నిరోధకం ఉన్న యాంటీఫ్రీజ్, నీళ్లు సగం సగం. రెండేళ్లకోసారి మార్చాలి. ఉత్త నీళ్లు పోశారంటే ఇనుమూ అల్యూమినియమూ కలిసి ఉన్న ఇంజిన్‌ని చేతులారా చంపుకున్నట్టే. పోసేటప్పుడు నెమ్మదిగా పోస్తూ గాలి బయటికి పోనివ్వాలి. గాలిబుడగ మిగిలితే అది చేరేది పైనున్న పంప్ దగ్గరికే.

హెడ్‌ని పట్టి ఉంచేవాటిలో కొన్ని బోల్టులు, కొన్ని స్టడ్లు (తల లేని మరకడ్డీలు), రెండూ వేర్వేరు కోణాల్లో ఉంటాయి. వేడికి హెడ్ పెరిగినప్పుడు పక్కకి లాగుడు పడి హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్యనుండే గాస్కెట్ తొందరగా పోతుంది. పైగా స్టడ్లు అల్యూమినియంలో తుప్పుపట్టి అతుక్కుపోతాయి, హెడ్ ఊడదీయడమే పెద్ద యుద్ధం.

ఇక వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్లు. ఒంటివరస చైన్లు, పొడవైనవి. 25,000 మైళ్లు తిరక్కుండానే సాగిపోయేవి. చైన్ ఒక పన్ను దాటితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. పొద్దున స్టార్ట్ చేయగానే గలగల రెండు మూడు సెకన్లలో ఆగకపోతే చైన్లు, టెన్షనర్లు, గైడ్లు అన్నీ ఒకేసారి మార్చాలి. ఒక్క చైన్ మార్చి ఊరుకుంటే పని సగమే అయినట్టు.

జింబాబ్వేలో ఇంకో కష్టం ఉంది. హరారే దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత స్ప్రింగ్ సడలితే లోపల ప్రెషర్ నిలవదు, ప్రెషర్ లేకపోతే ఆ 95 డిగ్రీలే మీ హద్దు. అంత చిన్న మూత ఇంత పెద్ద ఇంజిన్‌ని కాపాడుతుంది. పాతది ఎంత మెరుస్తున్నా మార్చేయండి.

నాలుగోగేరు

ఇంత అవస్థ దేనికి అన్నా, రోవర్ 3.5 వీ8 వేసేస్తే పోలా? అప్పట్లో చాలామంది అదే చేశారుగా.

వాల్వ్‌క్లియరెన్స్

చేశారు తమ్ముడూ, కాదనను. రోవర్ ఇంజిన్ మొత్తం అల్యూమినియం, మంచి ఇంజిన్. కానీ బరువు తగ్గి ముందు స్ప్రింగుల ఎత్తు మారుతుంది, స్టాగ్ గొంతూ పోతుంది. పైన చెప్పిన పనులన్నీ శుభ్రంగా చేస్తే అసలు ఇంజినే ఏళ్లకేళ్లు నడుస్తుంది. అప్పట్లో జనం విసిగిపోయి పీకేశారు. ఇప్పుడు రోగమేంటో తెలుసు, మందూ తెలుసు. అసలు ఇంజిన్ ఉన్న స్టాగ్‌ని పాడుచేయొద్దు.

ట్విన్‌క్యామ్_సుబ్బు

మోంటెకార్లో, కాప్రీ నావి.

మోంటెకార్లో డిజైన్ పినిన్‌ఫారినాది. ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, 1,995 సీసీ ట్విన్ క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండు), 120 హార్స్‌పవర్. 1975లో వచ్చింది, 1978లో తయారీ ఆపేశారు, 1980లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో ఆపడానికి బ్రేకుల మీద వచ్చిన ఫిర్యాదులు పెద్ద కారణం. ఇంజిన్ వెనకుంది కాబట్టి ముక్కు తేలిక. తొలి సిరీస్‌లో బ్రేక్ సర్వో, అంటే పెడల్ తొక్కుడికి బలం కలిపే పరికరం, ముందు చక్రాలకే సాయం చేసేది. తడిరోడ్డు మీద పెడల్ కాస్త గట్టిగా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోయేవి, వెనకవి పని చేసేవే కావు. బిగిసిన చక్రం తిప్పినా కారు తిరగదు, నేరుగా పోతుంది. రెండో సిరీస్‌లో సర్వోనే తీసేశారు. పెడల్ బరువెక్కింది కానీ కాలికి పట్టు తెలుస్తుంది. ఈ కారుకి అదే సరైన మార్పు.

ఇంజిన్ గట్టిది. టైమింగ్ బెల్ట్ మాత్రం 60,000 కిలోమీటర్లు దాటనివ్వొద్దు, వాడకుండా నిలబెట్టిన కారైతే కొన్న వెంటనే మార్చాలి. బెల్ట్‌తో పాటే టెన్షనర్ బేరింగ్ కూడా. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక కాబట్టి కారు పొడవునా నీటిపైపులు. ఎక్కడ గాలి ఇరుక్కున్నా మరుగుతుంది. హీటర్ పూర్తిగా తెరిచి, ముక్కు కాస్త ఎత్తి, గాలంతా తీశాకే రోడ్డెక్కాలి. అన్నట్టు, 1983 ప్రపంచ ర్యాలీ తయారీదారుల చాంపియన్‌షిప్‌లో ఆడీ క్వాట్రోని ఓడించిన లాన్షియా 037కి నడుము భాగం ఈ మోంటెకార్లోదే. గ్రాండ్ టూర్ మూడో సీజన్‌లో ఆ పోరు మీద ఓ ఫిల్మ్ ఉంది. క్లార్క్‌సన్ ఆఖర్న ఈ కారే ఎందుకు ఎంచుకున్నాడో అది చూస్తే అర్థమవుతుంది.

కాప్రీది ఎసెక్స్ వీ6, 2,994 సీసీ. ఇందులో చైన్ లేదు, క్యామ్‌షాఫ్ట్ గేర్‌తోనే తిరుగుతుంది. చప్పుడు తగ్గాలని ఆ గేర్‌ని ఫైబర్‌తో చేశారు. ఏళ్లు గడిచి, వేడికి పెళుసెక్కి పళ్లు రాలతాయి. అప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. కొత్త గేర్ వేసి స్టార్ట్ చేసేస్తే సరిపోదు, సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి రాలిన ముక్కలు ఏరాలి. లేకపోతే ఆయిల్ జల్లెడకి అడ్డుపడి ఈసారి బేరింగులు పోతాయి. లోహపు గేర్ వేస్తే చిన్న కూత వస్తుంది, కానీ పళ్లు రాలే భయం తీరుతుంది. నేనైతే అదే వేయమంటా.

రెండో ప్రమాదం ఆయిల్ పంప్‌ని తిప్పే ఆరుపలకల కడ్డీ. పెన్సిల్ అంత ఉంటుంది. కొసల్లో పలకల అంచులు వేలితో తడిమి చూడండి. అంచు కోసుకునేలా పదునుగా ఉంటే బాగున్నట్టు, నున్నగా గుండ్రబడితే దాని పని అయిపోయినట్టే. అది జారిన క్షణం ఆయిల్ ప్రెషర్ సున్నా. సంప్ దించినప్పుడే గట్టిపరచిన కొత్త కడ్డీ వేసి, మొదటిసారి స్టార్ట్ చేసేముందు డ్రిల్‌తో పంప్‌ని తిప్పి ప్రెషర్ తెప్పించాలి.

మట్టిదారి

ఉప్పునేల గురించి. ఆఖరి ప్రయాణం ముగిసిన కుబు ద్వీపం బోట్స్వానాలోని మక్‌గాడిక్‌గాడి ఉప్పుమైదానంలో ఉంది. గ్రానైట్ గుట్ట, చుట్టూ బావోబాబ్ చెట్లు. 2007లో టాప్ గేర్ బోట్స్వానా ప్రయాణంలోనూ అక్కడికే వెళ్లారు. మొదలైన చోటికే వచ్చి ముగించడం చూసి గుండె బరువెక్కింది.

పైపొర ఎండి అప్పడంలా ఉంటుంది, కింద జిగట బురద. తెల్లగా పొడిగా ఉన్నచోట నడవొచ్చు, ముదురు రంగు తిరిగి చెమ్మగా కనిపిస్తే ఆగి, దిగి, నడిచి చూడాలి. మడమతో కొడితే పగిలిందంటే కారు దిగబడుతుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించండి, కానీ అప్పుడు వేగం, మలుపులు తగ్గించుకోవాలి, లేకపోతే టైరు రిమ్ మీంచి ఊడుతుంది. సడన్ బ్రేక్ వద్దు. దిగబడ్డాక ఇంజిన్ రేజ్ చేస్తే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. చక్రాల ముందు బురద తీసి, జాకీ కింద వెడల్పు పలక పెట్టి ఎత్తి, చక్రం కింద ఏదైనా పరవాలి. బయటపడ్డాక అదే రోజు అడుగుభాగం మంచినీళ్లతో కడగండి, ఉప్పు ఆగదు.

అన్నిటికన్నా ముఖ్యం బరువు. 2007లో క్లార్క్‌సన్ లాన్షియా బీటా కూపేని, మే మెర్సిడెస్ 230ఈని ఊడదీసి తేలిక చేసుకున్నది అందుకే. హామండ్ ఓపెల్ కాడెట్, అదే అతను ఆలివర్ అని పేరు పెట్టుకున్న కారు, 700 కిలోల లోపే కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

చక్రాలపిచ్చి

మీ అందరికీ దండాలు. నేను అనుకున్న వరస: 2007 బోట్స్వానా, తర్వాత క్లార్క్‌సన్ లేకుండా హామండ్, మే ముగించిన 2015 జూన్ 28 టాప్ గేర్, గ్రాండ్ టూర్ స్టూడియోకి సెలవు చెప్పిన 2019 ఏప్రిల్ 12 ‘ఫ్యునరల్ ఫర్ ఎ ఫోర్డ్’, చివరికి జింబాబ్వే. ఒక్కటే సందేహం. ఆలివర్ నదిలో మునిగింది కదా, నీళ్లు మింగిన ఇంజిన్‌ని మళ్లీ ఎలా బతికిస్తారు?

మట్టిదారి

వరస బాగుంది.

మునిగిన ఇంజిన్‌కి ముందు స్టార్టర్ ముట్టుకోవద్దు. నీళ్లు నలగవు, సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ వైరు తీసి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, చేత్తో ఇంజిన్ తిప్పితే రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మొత్తం దించేయాలి. డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్, పాయింట్లు ఆరబెట్టాలి, వైర్ల కీళ్లు ఒక్కోటీ విప్పి తుడవాలి. ఎక్కువ సమయం పట్టేది అక్కడే. సిలిండర్లలో తలా ఒక చెంచా ఆయిల్ వేసి ఇంకోసారి తిప్పి, ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడిచాక ఆయిల్ మళ్లీ మార్చాలి, మిగిలిన తేమ అందులోనే చేరుతుంది. గేర్‌బాక్స్, వెనక ఆక్సిల్ ఆయిల్ కూడా చూడండి, వాటి గాలిరంధ్రాల్లోంచి నీళ్లు వెళ్తాయి.

ఆలివర్‌ని హామండ్ ఇంగ్లాండ్‌కి తీసుకెళ్లి తన దగ్గరే ఉంచుకున్నాడు.