సమస్య: కుక్క కారు నడిపెఁ గొండ మీద

నిర్వహణ: ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి ఈ వింత మాటకి అర్థం కుదర్చాలి, అదే పూరణ. ఐదూ సూర్యగణాలే (గలం గాని, నగణం గాని), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) కు–గొ. మన పద్యాల బృందం సభ్యుల్లో కొందరు ఈమధ్య వీధికుక్కల్ని తెచ్చి పెంచుకుంటున్నారు. కారెక్కాక అవి వేసే వేషాలు విని ఇచ్చిన సమస్య. కల వచ్చిందనో, ఎవరో అన్నారనో దాటెయ్యకండి.

పూరణ 1 (విశాఖ)

మొరుగ నాగె బండి, మూతితో నెట్టగ
కిటికి యద్ద మపుడె కిందఁ జేరె,
పేరు వరకె యతఁడు, పెత్తనమ్ము జరిపి
కుక్క కారు నడిపెఁ గొండ మీద.

అరకు వెళ్లే ఘాట్‌లో మావారి అవస్థ ఇది. ఆవు కనబడితే ఆగాలి, మేక కనబడితే ఆగాలి. వెనక సీట్లోంచి మా కుక్క ఆయన ఎడమ భుజం మీద గడ్డం ఆనించి ఒకటే నస!

సమీక్ష: 'నడిపె'కి స్టీరింగు అవసరం లేకుండా చేశారు, భేష్. 'నెట్టగ' ద్రుతాంతం (చివర నకారం ఉండే మాట), దాని తర్వాత 'క' 'గ' అవుతుంది కనుక 'గిటికి' అనండి, యతి చెడదు. అద్దం మాత్రం మూతి పట్టేంతే దించండి. తల బయటపెడితే దుమ్మూ పురుగులూ కళ్లలో పడతాయి. పంజాతో స్విచ్ నొక్కే రకమైతే డ్రైవర్ తలుపు దగ్గరున్న విండో లాక్ వేసి ఉంచాలి.

పూరణ 2 (తిరుపతి)

పిలువ వచ్చు నెద్ది? పెట్రోలు తాగేది?
చోదకుండు చేసెఁ జూడ నేమి?
వేంకటేశుఁ డెందు వెలసెనో చెప్పుమా?
కుక్క, కారు, నడిపెఁ, గొండ మీద.

సమీక్ష: క్రమాలంకారం (ప్రశ్నల వరసలోనే జవాబులు) బాగా కుదిరింది. గ్రాంథికమైన 'నెద్ది' పక్కన వాడుకమాట 'తాగేది' అతకలేదు. పైగా ఇందులో కుక్క జవాబుగా వచ్చిందే తప్ప కారెక్కలేదు.

పూరణ 3 (ఖమ్మం)

సంచులన్ని భార్య సర్దుచు వెనుకను
బుజ్జికూన కొఱకు బొంత పఱచి
తిండి గిన్నె నీళ్లు తీరుగా మూలను
కుక్క, కారు నడిపెఁ గొండ మీద.

సమీక్ష: సామాను 'కుక్క'డం! నాకు చాలా నచ్చిన విరుపు. అయితే నడిపిందెవరు? మొదటి పాదం 'పతికి తోడు గాను భార్యయె వెనుకను' అంటే నడిపింది పతి అని తెలుస్తుంది. తిండి గిన్నె దిగాకే తీయండి. నిండు కడుపుతో ఘాట్ ఎక్కితే కూన ఆ బొంత మీదే కక్కుతుంది.

పూరణ 4 (హైదరాబాద్, కొత్త సభ్యురాలు)

వాన నద్ద మందు వైపరు నాడంగ
తలయు నాడె దాని తాళమునకు,
చూచువార లనిరి చోద్యమ్ముగా నిట్లు
కుక్క కారు నడిపెఁ గొండ మీద.

బయల్దేరగానే మాది వరసగా ఆవలిస్తుంది, చొంగ కారుస్తుంది. నిద్రా, ఆకలా?

సమీక్ష: రెండూ కాకపోవచ్చు. టెన్షన్‌కీ, కడుపులో తిప్పడానికీ కుక్కల్లో కనబడే గుర్తులవి. ముందు వీధి చివరిదాకా తిప్పి తీసుకురండి, దూరం మెల్లగా పెంచండి. ఇక పద్యం. రెండో పాదం ఈ వారం వచ్చినవాటిలో మేలైనది, కుక్కని కళ్లారా చూస్తేనే అలా రాయగలరు. 'వైపరు'కి 'ఆడంగ' కలిస్తే ఉత్వసంధి (చివరి ఉకారం పోయి తర్వాతి అచ్చు కలవడం) నిత్యం, 'నా' రాదు. 'వైపరే యాడంగ' అనండి. మూడో పాదంలో 'అనిరి' వద్దన్న దారే. దానికి బదులు మీ కుక్క ఇంకేం చేస్తుందో చెప్పండి.

సవరణ:

వాన నద్ద మందు వైపరే యాడంగఁ
దలయు నాడె దాని తాళమునకు,
టీకి నతఁడు దిగిన ఠీవిగా సీటెక్కి
కుక్క కారు నడిపెఁ గొండ మీద.

సమీక్ష: ట–ఠ యతి ఎంత ఒడుపుగా పడిందో! ఈసారికి మొదటి స్థానం మీదే. టీకి దిగేటప్పుడు తాళం తీసుకోండి. ఎండాకాలమైతే టీ కారు దగ్గరికే తెప్పించుకోండి. మూసిన కారు నిమిషాల్లో కాగిపోతుంది, వగర్చి చల్లబడాల్సిన ప్రాణి అది.