స్ప్రింగులు దించిన మస్టాంగ్: లాంచ్‌లో వెనక యాక్సిల్ ఎగిరెగిరి పడుతోంది, ఏం మార్చాలి?

డాలస్_ఫైవ్_ఓ:
అన్నలూ, నాది 2011 మస్టాంగ్ జీటీ, మాన్యువల్. ఇక్కడ డాలస్ దగ్గర డ్రాగ్ స్ట్రిప్‌కి (ఆగిన చోటు నుంచి నేరుగా దూసుకెళ్లే రేస్ ట్రాక్) తీసుకెళ్తుంటా. పాత ఓనర్ లోయరింగ్ స్ప్రింగులు వేయించాడు, వెనక అంగుళంన్నర దాకా దిగింది. డ్రాగ్ రేడియల్స్ (ఎక్కువ పట్టున్న రేస్ టైర్లు) వేసినా సరే, లాంచ్‌లో, అంటే రేస్ మొదట్లో క్లచ్ వదలగానే వెనక దడదడమని కొట్టుకుంటోంది, ఏదైనా విరుగుతుందేమోనని టెన్షన్. మొదటి 60 అడుగులు దాటే టైమ్ 2.1 సెకన్ల కంటే తగ్గట్లేదు. మొదట షాక్స్ (స్ప్రింగుల ఊపుని అదుపు చేసేవి) మార్చాలా, కంట్రోల్ ఆర్మ్స్ (యాక్సిల్‌ని బాడీకి కలిపే కడ్డీలు) చూడాలా? ఆఫీసుకీ ఇదే కారు.

పినియన్:
షాక్స్ తర్వాత. లోయర్ కంట్రోల్ ఆర్మ్స్ ఎటు వాలి ఉన్నాయో చూడు తమ్ముడూ, అదీ బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే, బాడీని జాక్ మీద లేపితే యాక్సిల్ వేలాడి కోణం తప్పుగా కనిపిస్తుంది. ఆర్మ్‌కి బాడీ వైపు కొస యాక్సిల్ వైపు కొస కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. చక్రాలు ముందుకు తోసే బలం ఈ ఆర్మ్స్ గుండానే బాడీకి చేరుతుంది కాబట్టి, ఆ వాలు ఉంటే తోపులో కొంత బాడీని పైకి ఎత్తి, అంతే బలంతో టైర్లని రోడ్డుకి అదుముతుంది. కారు దించాక ఆ వాలు పోతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. రీలొకేషన్ బ్రాకెట్లు వేస్తే యాక్సిల్ వైపు బోల్టు కిందికి దిగి వాలు తిరిగొస్తుంది. బ్రాకెట్‌లో పై రంధ్రంతో మొదలుపెట్టు. మరీ కింద పెడితే టైరుకి మొదటి అదుము గట్టిగా తగిలి వెంటనే వదిలేస్తుంది.

హైవే_రాత్రి:
ఆ దడదడకి సగం కారణం ఆర్మ్స్ కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లు (కీలు దగ్గరి మెత్తలు). మెలితిరిగి, వెనక్కి తన్ని, మళ్లీ మెలితిరుగుతాయి. లోయర్ ఆర్మ్స్‌కి పాలీయురేథేన్ బుష్‌లు వేయించు. అప్పర్ ఆర్మ్ ఈ మోడల్‌కి ఒక్కటే, దానికి గట్టి బుష్ వేస్తే గేర్ల రొద క్యాబిన్‌లోకి వస్తుంది, రోజూ తిరిగే కారు కాబట్టి అది చివరికి పెట్టుకో. పినియన్ (డ్రైవ్‌షాఫ్ట్ వెనక యాక్సిల్‌ని కలిసే చోటి గేరు) కోణం మాత్రం తప్పకుండా కొలిపించు, డ్రైవ్‌షాఫ్ట్‌తో పోలిస్తే దాని ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండాలి, ఎందుకంటే లాంచ్‌లో అది పైకి లేస్తుంది.

డాలస్_ఫైవ్_ఓ:
చూశానన్నా, వాలు తిరగబడే ఉంది. బ్రాకెట్లు ఆర్డర్ పెట్టా. మరి షాక్స్ అసలు అక్కర్లేదా?

రీబౌండ్:
అక్కర్లేదని నేననను. వెనక్కి ఎంత బరువు మారుతుందో తేల్చేవి యాక్సిలరేషన్, కారు గురుత్వ కేంద్రం ఎత్తు, 107 అంగుళాల వీల్‌బేస్. అది ఎంత త్వరగా మారాలన్నది షాక్స్ చేతిలో ఉంది. ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయించు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య సందు ఒక్కసారిగా తెరుచుకుని, కొన్ని అడుగులు వెళ్లాక టైరు జారితే వెనక షాక్స్ రీబౌండ్ (సాగేటప్పుడు అవి ఇచ్చే అడ్డు) బిగించాలి. బాడీ కూర్చుండిపోతుంటే బ్రాకెట్‌లో ఇంకో రంధ్రం కిందికి వెళ్లు. ఒక రన్‌కి ఒక్క మార్పే చెయ్యి, టైరు గాలితో సహా, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

పినియన్:
ఇంకోటి, పాన్‌హార్డ్ బార్ (యాక్సిల్ పక్కలకి జరగకుండా పట్టే కడ్డీ) కూడా చూసుకో. కారు దించితే యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. పొడవు సర్దుకునే బార్ వేసి మధ్యకి తెచ్చాకే బ్రాకెట్ల పని మొదలుపెట్టు.