నెష్: చలికి తాళలేని మనిషికి ఒక మాట

అక్టోబరు మొదటి వారం, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బస్సు కోసం నిలబడ్డాను. స్వెట్టరు, దాని మీద కోటు, మెడకు మఫ్లరు, చేతులకు గ్లౌజులు. పక్కనే పొట్టిచేతుల చొక్కాతో ఉన్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "యూ ఆర్ నెష్, డక్!" అని నవ్వింది. డక్ అంటే అక్కడ బాతు కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా మనం "అమ్మా", "నాయనా" అంటాం చూడండి, అలాంటి ఆప్యాయపు పిలుపు. నెష్ ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

చలికి ఓర్వలేనివాళ్లని అలా అంటారట. నాటింగ్‌హామ్, డెర్బీ, షెఫీల్డ్, స్టాఫర్డ్‌షైర్ వైపు ఇళ్లలో ఇప్పటికీ నలుగుతున్న మాట. పాత ఇంగ్లీషులో ఇది "హ్నెషె". అప్పట్లో చలితో సంబంధం లేదు, 'మెత్తన' అనే అర్థం. తర్వాత ముందున్న హకారం రాలిపోయింది. దీని తోబుట్టువు "హ్నస్క్వుస్" నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిల్లో ఉంది (గోథిక్ అంటే ఇంగ్లీషుకి, జర్మన్‌కి చుట్టమైన, ఇప్పుడు లేని భాష). మత్తయి 11:8లో మన తెలుగు బైబిలు "సన్నపు బట్టలు" అన్న చోట గోథిక్‌లో 'మెత్తని' అనే ఆ మాటే ఉంది.

బట్ట మెత్తదనం ఒంటికి పాకి, చివరికి దెప్పుడుమాటగా మారింది. మన "నాజూకు" కూడా ఈ దారిలోనే నడిచింది. పారసీ నుంచి వచ్చిన మాట. "నాజూకు చేతులు" అంటే మెచ్చుకోలు, "మరీ అంత నాజూకైతే ఎలా?" అంటే చురక.

నన్ను ఇంకా ఎక్కువ పట్టేసింది "స్టార్వ్‌డ్". ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో పాతవాళ్లు "ఐయామ్ స్టార్వ్‌డ్" అంటే ఆకలి కాదు, చలి! మూలం పాత ఇంగ్లీషు "స్టెయోర్ఫన్", అంటే చచ్చిపోవడం. జర్మన్‌లో "ష్టెర్బెన్" నేటికీ అదే అర్థంలో ఉంది. ఇంగ్లీషులో ఆ చావు రెండుగా చీలింది: అందరికీ తెలిసిన ఇంగ్లీషుకి ఆకలి చావు దక్కింది, ఉత్తరాది యాసలో చలి చావు కూడా మిగిలింది. మనం చీల్చలేదు. "ఆకలికి చస్తున్నా", "చలికి చస్తున్నా" రెండూ ఒకే నోట వస్తాయి.

అయితే నెష్‌కి సరితూగే ఒక్క మాట నాకు దొరకలేదు. "సుకుమారం" అంటే అందులో చలి లేదు. లంబసింగి, ఆదిలాబాద్ వైపువాళ్లు చెప్పాలి: నలుగురూ మామూలుగా తిరుగుతుంటే ఒక్కడే దుప్పటి కప్పుకుని కుంపటి దగ్గర కూర్చుంటే వాణ్ణి మీ ఇంట్లో ఏమంటారు?