పింగాణీ మూతకు స్టీలు పిడి నిలవడం లేదు, ఏ గమ్ వాడాలి?

మూతపోయినవాడు: పొద్దుటి నుంచి ఇదే పని. ఊరగాయ జాడీ మూత పిడి విరిగింది. దాని చోట సొరుగుకు వేసే స్టీలు పిడి, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి ఇన్‌స్టంట్ గమ్‌తో మూడుసార్లు అతికించాను. మూడుసార్లూ ఊడి చేతికొచ్చింది. నా వేళ్ళు మాత్రం చక్కగా అతుక్కున్నాయి. మంచి గమ్ పేరు చెప్పండి.

వడ్రంగిపిట్ట: ఏ ప్లాస్టిక్? ఊడింది పింగాణీ దగ్గరా, బిళ్ళ దగ్గరా?

మూతపోయినవాడు: ప్లాస్టిక్ అంటే ప్లాస్టిక్కే కదండీ. తెల్లగా ఉంది.

పచ్చళ్ళపిచ్చి: అసలు ఊరగాయ దగ్గర స్టీలు ఎందుకండీ? ఉప్పు తగిలితే దానికీ మచ్చలు పడతాయి. మా ఇంట్లో మూత పగిలితే ఉతికిన తెల్లగుడ్డతో వాసెన కట్టేవారు. ఏడాదంతా ముక్క మెత్తబడేది కాదు.

నిఘంటువు: గమ్ అంటే తుమ్మబంక, చెట్టు నుంచి కారేది. మీరు వాడినది సయనోఅక్రిలేట్. దాన్ని జిగురు అనండి.

వడ్రంగిపిట్ట: ఏమన్నా అది అంటుకోవడం లేదు కదా. బిళ్ళ మీద త్రిభుజంలో అంకె ఉందేమో చూడండి.

మూతపోయినవాడు: 5. ఏదో డబ్బా మూత నుంచి కత్తిరించాను.

వడ్రంగిపిట్ట: అదీ సంగతి. 5 అంటే పాలీప్రొపిలీన్. 2, 4 అంకెల పాలిథిన్‌దీ అదే తీరు. నీటిచుక్క వేస్తే పరుచుకోకుండా పూసలా నిలుస్తుంది, జిగురూ అంతే. బిళ్ళ తీసేయండి. పింగాణీకి, స్టీలుకు ఎరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ చాలు. పాత పెచ్చులు గీకి, పింగాణీ మెరుపు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి, స్టీలు అడుగునూ రుద్దండి. ఆ పైన నూనె చేయి తగలనివ్వకండి. రెండు ట్యూబులదీ సమానంగా కలిపి పూసి, 24 గంటలు కదపకండి.

తొందరరావు: ఎం-సీల్ పెట్టండి, అయిపోతుంది.

నిఘంటువు: అది జిగురు కాదు, పూడ్చే ముద్ద.

వడ్రంగిపిట్ట: ముద్దయినా అదీ ఎపాక్సీయే.

మూతపోయినవాడు: మూత మధ్యలో రంధ్రం ఉంది, ఫర్వాలేదా? బిళ్ళ పెట్టింది దాన్ని మూయడానికే.

వడ్రంగిపిట్ట: ఈ మాట ముందే చెప్పకూడదా! సొరుగు పిడితో మర వస్తుంది కదా. కానీ లోపల ఊరగాయ తగిలితే మర తుప్పు పడుతుంది.

మూతపోయినవాడు: ఊరగాయ ఎక్కడిది? అందులో బొత్తాలు, దారపుండలు దాస్తున్నాం.

వడ్రంగిపిట్ట: అయితే జిగురే అక్కర్లేదు. ఆ 5 నంబరు బిళ్ళనే వాషరులా వేసి మర బిగించండి. మరీ బిగిస్తే పింగాణీ చిట్లుతుంది.

పచ్చళ్ళపిచ్చి: జాడీలో బొత్తాలా!

మూతపోయినవాడు: నిలిచింది. థ్యాంక్స్.

నిఘంటువు: మర కాదు, మరమేకు.